ట్రక్కు ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కు లోతైన ప్యాన్ బిగించడం ఎలా?

ట్రెయిలర్ తగిలించుకుని ఎత్తులెక్కే పికప్ ట్రక్కుల యజమానులు పదే పదే అడిగే ప్రశ్న ఒకటుంది. గేర్‌బాక్స్ అడుగున ఉండే రేకు ప్యాన్ తీసేసి, ఫిన్‌లున్న (వేడిని గాలికి వదిలే సన్నని రెక్కలున్న) లోతైన అల్యూమినియం ప్యాన్ వేస్తే ఆయిల్ వేడి తగ్గుతుందా, ఆ పని ఇంటి దగ్గర మనమే చేసుకోవచ్చా అన్నదే ఆ ప్రశ్న. పని మనమే చేసుకోవచ్చు. వేడి కూడా తగ్గుతుంది, కానీ ప్రకటనల్లో కనిపించినంత తగ్గదు. ఎంత తగ్గుతుందో ముందే తెలిసి ఉంటే డబ్బు ఎక్కడ పెట్టాలో కూడా తెలుస్తుంది.

ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో వేడి ఎక్కువగా పుట్టేది టార్క్ కన్వర్టర్‌లో (ఇంజన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం), అదీ లాకప్ పడని సమయంలో, అంటే దాని రెండు వైపులూ క్లచ్‌తో ఒకటిగా బిగియని సమయంలో. ఆ వేడిని బయటకు పంపే అసలు బాధ్యత రేడియేటర్‌లోని కూలర్‌ది, లేదా ముందువైపు విడిగా అమర్చిన కూలర్‌ది. ప్యాన్ అనేది ఆయిల్ తిరిగి వచ్చి నిలిచే తొట్టి మాత్రమే. లోతైన ప్యాన్ సాధారణంగా 2 నుంచి 4 లీటర్ల ఆయిల్ అదనంగా పట్టిస్తుంది కాబట్టి, చిన్న ఎత్తు ఎక్కేటప్పుడు వేడి నెమ్మదిగా పెరుగుతుంది. అల్యూమినియం ఉక్కు కంటే వేగంగా వేడిని ప్రవహింపజేస్తుందన్నది నిజమే, అయితే ఆ వేడిని చివరకు తీసుకుపోవలసింది గాలి. ప్యాన్ మీదుగా గాలి పారకపోతే లోహం ఏదైనా పెద్ద తేడా ఉండదు. గంటల తరబడి ఒకే బరువు లాగుతూ పోతే ఆయిల్ చివరకు దాదాపు పాత వేడి దగ్గరికే చేరుతుంది, కాకపోతే కాస్త ఆలస్యంగా, కొన్ని డిగ్రీలు తక్కువగా చేరుతుంది.

అందుచేత నా సలహా ఇది. ఎత్తుల మీద మీ ఆయిల్ వేడి మాటిమాటికీ 120 డిగ్రీల సెల్సియస్ దాటుతుంటే ముందు కూలర్ సంగతి చూడండి, ప్యాన్ తర్వాత. మామూలుగా 80 నుంచి 95 డిగ్రీల మధ్య ఉండి, బరువు పడ్డప్పుడు మాత్రం 105 దాకా వెళ్లి తిరిగి దిగుతుంటే లోతైన ప్యాన్ ఉపయోగపడుతుంది. వేడి సంగతి పక్కన పెట్టినా, రేకు ప్యాన్లలో చాలావాటికి లేని డ్రెయిన్ ప్లగ్ ఒక్కటి దొరికినా ఈ ఖర్చుకు అర్థం ఉందని నా అభిప్రాయం.

కొనే ముందు చూసుకోవలసినవి

ప్యాన్‌ను ట్రక్కు పేరు చూసి కాక గేర్‌బాక్స్ మోడల్ చూసి కొనాలి. ఒకే ట్రక్కు ఇంజన్‌ను బట్టి వేర్వేరు గేర్‌బాక్స్‌లతో వస్తుంది. అడుగు నుంచి ప్యాన్ ఆకారం చూడండి, బోల్టులు లెక్కపెట్టండి. జనరల్ మోటార్స్ 4ఎల్60-ఇ ప్యాన్‌కు 16 బోల్టులుంటాయి, 4ఎల్80-ఇకి 17 ఉంటాయి. డాడ్జ్ 47ఆర్‌ఇ, 48ఆర్‌ఇ గేర్‌బాక్స్‌లకు 14 ఉంటాయి.

తర్వాత ఖాళీ స్థలం. ప్యాన్ ఎన్ని మిల్లీమీటర్లు కిందికి దిగుతుందో అమ్మేవారి కొలతల్లో చూసి, ట్రక్కు కింద ఆ మేరకు ఎగ్జాస్ట్ గొట్టం, క్రాస్ మెంబర్ (గేర్‌బాక్స్ కింద ఉండే అడ్డ దూలం), నాలుగు చక్రాల డ్రైవ్ ఉంటే ముందు షాఫ్టు ఎక్కడెక్కడ ఉన్నాయో టేపుతో కొలవండి. కొత్త ప్యాన్ క్రాస్ మెంబర్ కంటే కిందికి వేలాడేట్టయితే, రాళ్ల దారుల్లో తిరిగే బండికి దాన్ని వేయవద్దు. రేకు ప్యాన్‌కు రాయి తగిలితే సొట్ట పడుతుంది, పోత అల్యూమినియం ప్యాన్‌కు తగిలితే పగిలి ఆయిల్ అంతా రోడ్డు మీద పోతుంది. కొన్ని పాత గేర్‌బాక్స్‌లలో డిప్‌స్టిక్ గొట్టం నేరుగా ప్యాన్ పక్క గోడలోకే వస్తుంది. అలాంటిదైతే ఆ గొట్టానికి తగిన రంధ్రం కొత్త ప్యాన్‌కు కూడా ఉండాలి.

ఇక ఫిల్టర్. కొత్త ప్యాన్‌తో పాత కొలత ఫిల్టరే వేయాలా, పొడవు పెంచే స్పేసర్ వేయాలా, వేరే లోతైన ఫిల్టర్ వేయాలా అన్నది తయారీదారు స్పష్టంగా చెప్పి ఉండాలి. ఆ మాట ఎక్కడా రాసి లేకపోతే ఆ ప్యాన్ ఎంత చవకైనా కొనకండి.

కావలసినవి

- కొత్త ప్యాన్, దానితో వచ్చిన బోల్టులు, గాస్కెట్
- కొత్త ఫిల్టర్, దాని మెడకు వేసే కొత్త సీలు, అవసరమైతే స్పేసర్
- మాన్యువల్‌లో చెప్పిన రకం ఆయిల్: పాత ప్యాన్ నుంచి దిగేంత, అదనంగా పట్టేంత, ఆపైన ఇంకో 2 లీటర్లు
- తక్కువ కొలతలు చూపే టార్క్ రెంచ్ (5 నుంచి 30 న్యూటన్ మీటర్ల మధ్య పనిచేసేది)
- జాకీ, నాలుగు జాక్ స్టాండ్లు, చక్రాలకు అడ్డు పెట్టే దిమ్మలు
- ఆయిల్ పట్టడానికి వెడల్పాటి తొట్టి, కొలత గీతలున్న డబ్బాలు, సన్నని పొడవాటి గరాటు
- బ్రేక్ క్లీనర్, ప్లాస్టిక్ గీకుడు బిళ్ల, నూలు రాలని గుడ్డలు
- పిల్లలు ఆడుకునే మెత్తని బొమ్మల మట్టి, వెర్నియర్ కాలిపర్, ఉక్కు స్కేలు
- ఆయిల్ వేడి చూపగల ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్‌కు తగిలించి అంకెలు చదివే పరికరం) లేదా ప్యాన్‌లో బిగించే టెంపరేచర్ మీటరు
- కళ్లద్దాలు, చేతి తొడుగులు

ఆయిల్ రకం విషయంలో రాజీ పడవద్దు. డెక్స్‌రాన్-6, మెర్కాన్, ఏటీఎఫ్+4 ఒకదాని బదులు ఒకటి పోసుకునేవి కావు. సీసా మీద ‘అన్ని వాహనాలకూ’ అని ఉన్నంత మాత్రాన మీ మాన్యువల్‌లోని పేరు మారదు.

చేయవలసిన విధానం

1. పని మొదలుపెట్టే ముందు, పాత ప్యాన్‌తోనే ఆయిల్ వేడి ఎంత ఉంటుందో రాసి పెట్టుకోండి. మీరు ఎప్పుడూ వెళ్లే ఒక ఎత్తు, అదే బరువు, అదే వేగం ఎంచుకుని, బయటి వేడితో సహా నమోదు చేయండి. ఈ అంకెలు లేకపోతే ఆ తర్వాత ‘తగ్గినట్టే ఉంది’ అనుకోవడమే మిగులుతుంది. మొదటిసారి చేసేవారిలో ఎక్కువ మంది దాటవేసే మెట్టు ఇదే.

2. ప్యాన్ అంచు చుట్టూ ఉన్న మట్టి, జిడ్డు కడిగేయండి. ప్యాన్ దించాక పైన అంటుకున్న ఇసుక వాల్వ్ బాడీలోకి (గేర్లు మార్చేందుకు ఆయిల్‌ను మళ్లించే భాగంలోకి) రాలితే ఆ నష్టం ముందు కొత్త ప్యాన్ ఖర్చు లెక్కలోకి రాదు.

3. బండిని గట్టి, చదునైన నేల మీద నిలిపి, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు దిమ్మలు పెట్టి, జాక్ స్టాండ్ల మీద నిలబెట్టండి. జాకీ ఒక్కదాని మీద ఉన్న బండి కిందికి ఎంతమాత్రం దూరవద్దు. ఆయిల్ గోరువెచ్చగా ఉంటే బాగా దిగుతుంది. ఇప్పుడే తిరిగి వచ్చిన బండి అయితే గంటో రెండు గంటలో ఆగండి, ఎందుకంటే 90 డిగ్రీల ఆయిల్ మోచేతి దాకా కారితే చర్మం ఊడుతుంది.

4. ఆయిల్ దించండి. డ్రెయిన్ ప్లగ్ లేని ప్యాన్ అయితే ముందువైపు రెండు బోల్టులను పట్టుగా ఉంచి, వెనకవైపువి పూర్తిగా తీసి, పక్కలవి కొంచెం కొంచెంగా వదులు చేస్తూ వెనక మూల నుంచి ఆయిల్‌ను తొట్టిలోకి పోనివ్వండి. ప్యాన్ అంటుకుపోయి ఉంటే గేర్‌బాక్స్ అంచుకు స్క్రూడ్రైవర్ దూర్చి పైకెత్తవద్దు, అక్కడ పడ్డ గీత తర్వాత కారే చోటు అవుతుంది. రబ్బరు సుత్తితో ప్యాన్ పక్కన తట్టితే వదులుతుంది. వీలైతే డిప్‌స్టిక్ గొట్టంలోంచి చేతి పంపుతో ముందే చాలావరకు లాగేస్తే ఈ మెట్టు అంతా శుభ్రంగా ముగుస్తుంది. దిగిన ఆయిల్‌ను కొలిచి రాసుకోండి. కన్వర్టర్‌లో ఉన్నది దిగదు కాబట్టి మొత్తం ఆయిల్‌లో సగానికి అటూ ఇటూ మాత్రమే బయటకు వస్తుంది.

5. పాత ప్యాన్‌లోని అయస్కాంతాన్ని చూడండి. దాని మీద మెత్తని బూడిద రంగు ముద్ద ఉండటం సహజం. చేతికి గుచ్చుకునే ఉక్కు పెళ్లలు, ఇత్తడి రంగు రేకులు, అడుగున నల్లని క్లచ్ ముక్కలు కనిపిస్తే, లేదా ఆయిల్ మాడు వాసన వేస్తే అక్కడితో ఆగండి. ఆ గేర్‌బాక్స్‌కు కావలసింది మరమ్మతు, కొత్త ప్యాన్ కాదు.

6. పాత ఫిల్టర్ తీయండి. నొక్కి దూర్చే రకంలో ఫిల్టర్ చేతికి వచ్చేసి, దాని సీలు మాత్రం పైన రంధ్రంలోనే ఉండిపోవడం చాలా తరచుగా జరుగుతుంది. దాన్ని గమనించక మీద ఇంకో సీలు ఎక్కిస్తే ఫిల్టర్ సరిగా కూర్చోదు, పంపు ఆయిల్‌కు బదులు గాలి పీలుస్తుంది. టార్చి వేసి చూడండి, వేలితో తడమండి. పాత సీలును మొన వంచిన చిన్న పనిముట్టుతో, రంధ్రం గోడకు గీత పడకుండా లాగండి. కొత్త సీలుకు ఆయిల్ రాసి సరిగ్గా నిలువుగా నొక్కండి. డాడ్జ్ 47ఆర్‌ఇ లాంటి వాటిలో ఫిల్టర్ చిన్న స్క్రూలతో వాల్వ్ బాడీకి బిగిసి ఉంటుంది, వాటికి 4 న్యూటన్ మీటర్లు మించి పట్టు అవసరం లేదు.

7. గేర్‌బాక్స్ అంచు మీది పాత గాస్కెట్ ముక్కలను ప్లాస్టిక్ బిళ్లతో గీకి, బ్రేక్ క్లీనర్ తడిపిన గుడ్డతో తుడవండి. తిరిగే నైలాన్ చక్రాలు, ఎమెరీ కాగితం వాడవద్దు, ఆ పొడి లోపలికి పోతుంది.

8. కొత్త ప్యాన్‌ను పెట్టెలోంచి తీసి నేరుగా బిగించవద్దు. పోతపని ఇసుక, మర కోసినప్పటి లోహపు పొట్టు మూలల్లో ఉండవచ్చు. వేడి సబ్బు నీళ్లతో, బ్రష్షుతో కడిగి, పూర్తిగా ఆరబెట్టండి. అంచు మీద ఉక్కు స్కేలు నిలువుగా పెట్టి కింద వెలుతురు కనిపిస్తుందేమో నాలుగు పక్కలా చూడండి. అనుమానముంటే ప్లగ్ బిగించి, లోపల కిరోసిన్ పోసి, కాగితం మీద ఒక రాత్రి ఉంచండి. పోతలో సన్నని రంధ్రాలుంటే కాగితం మీద మరక చెబుతుంది.

9. ఇప్పుడు గాస్కెట్‌తో, కానీ ఆయిల్ లేకుండా, ఒకసారి పొడిగా బిగించి చూడండి. ఈ వ్యాసంలో ఒక్క మెట్టు మాత్రమే జాగ్రత్తగా చేసే ఓపిక ఉంటే అది ఇదే కావాలి. ఇక్కడ రెండు విషయాలు తేలాలి.

మొదటిది ఫిల్టర్ స్థానం. కొన్ని గేర్‌బాక్స్‌లలో నొక్కి దూర్చిన ఫిల్టర్‌ను కింద పడకుండా ఆపేది ప్యాన్ అడుగే. ప్యాన్ లోతు పెరిగి, స్పేసర్ గానీ దానికోసం ప్యాన్‌లో పోసిన దిమ్మలు గానీ లేకపోతే, కొన్నాళ్లకు ఫిల్టర్ జారి ఊడుతుంది, బండి రోడ్డు మీద ఉన్నట్టుండి లాగడం మానేస్తుంది. దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. ఫిల్టర్ నోరు ప్యాన్ అడుగుకు ఆనుకుపోతే పంపుకు ఆయిల్ అందదు. ఫిల్టర్ కింద, నోటి దగ్గర, దిమ్మల మీద బొమ్మల మట్టి చిన్న ముద్దలుగా అంటించి, ప్యాన్‌ను చేతి బిగువుతో పెట్టి తీయండి. నలిగిన మట్టి మందాన్ని కాలిపర్‌తో కొలవండి. దిమ్మల దగ్గర ఫిల్టర్ కదలకుండా ఆనాలి, నోటి దగ్గర కొన్ని మిల్లీమీటర్ల ఖాళీ మిగలాలి. కొలిచాక మట్టి తునక కూడా మిగలకుండా శుభ్రం చేయండి.

రెండవది బోల్టు పొడవు. పోత ప్యాన్ అంచు రేకు కంటే చాలా మందంగా ఉంటుంది కాబట్టి పాత బోల్టులు సరిపోవు. నాలుగైదు మరలే పట్టిన పొట్టి బోల్టు గేర్‌బాక్స్‌లోని అల్యూమినియం మరలను పీకేస్తుంది. మరీ పొడవైనదైతే రంధ్రం అడుగుకు తగిలి, ప్యాన్ బిగియకముందే బిగిసినట్టు అనిపిస్తుంది, ఇంకా తిప్పితే గేర్‌బాక్స్ పెంకు చిట్లుతుంది. రంధ్రం లోతును సన్నని కడ్డీతో కొలిచి, ప్యాన్ అంచు, గాస్కెట్, వాషర్ మందాలను కలిపి లెక్క చూడండి. బోల్టు దాని వ్యాసానికి కనీసం ఒకటిన్నర రెట్లు లోపలికి పట్టాలి, అయినా అడుగు తాకకూడదు. రంధ్రాలన్నీ ఒకే లోతు అని అనుకోవద్దు.

10. అసలు బిగింపు. ఉక్కు రేకు లోపల పొదిగిన రబ్బరు గాస్కెట్ అయితే పొడిగానే వేయండి, దానికి సిలికాన్ పూయడం వల్ల గాస్కెట్ జారి బయటకు వస్తుంది. గాస్కెట్ లేకుండా సిలికాన్‌తోనే అతికించమని తయారీదారు చెప్పిన ప్యాన్ అయితే, దాదాపు 3 మిల్లీమీటర్ల సన్నని తీగలా, బోల్టు రంధ్రాలకు లోపలివైపు పూసి, అది గట్టిపడే వ్యవధి పూర్తయ్యాకే ఆయిల్ పోయండి. ఎక్కువ పూస్తే లోపలికి ఉబ్బిన భాగం తెగి ఫిల్టర్‌కు అడ్డుపడుతుంది.

బోల్టులన్నీ ముందు చేత్తో తిప్పి, తర్వాత మధ్య నుంచి చివరలకు, ఎదురెదురుగా, మూడు విడతల్లో టార్క్ రెంచ్‌తో బిగించండి. అంకె కోసం మీ గేర్‌బాక్స్ మాన్యువల్, ప్యాన్ తయారీదారు కాగితం రెండూ చూడండి, రెండూ వేరైతే ప్యాన్‌తో వచ్చిన గాస్కెట్‌కు చెప్పినదే పాటించండి. ఒకే కంపెనీవైనా 4ఎల్60-ఇ రేకు ప్యాన్‌కు 11 న్యూటన్ మీటర్లు, 4ఎల్80-ఇకి 24 న్యూటన్ మీటర్లు అని ఉంటుంది. ‘చేతి అంచనా’ ఇక్కడ ఎందుకు పనికిరాదో ఈ రెండు అంకెలు చూస్తే తెలుస్తుంది.

11. డ్రెయిన్ ప్లగ్‌ను కొత్త వాషర్‌తో బిగించండి. టెంపరేచర్ సెన్సర్ వేస్తుంటే, దాని రంధ్రం సాధారణంగా 1/8 ఎన్‌పీటీ కోసుగా ఉండే మర. కోసు మరను అతిగా తిప్పితే పోత చీలుతుంది, కనుక పట్టు తగిలాక ఒకటి రెండు చుట్లతో ఆపండి. ఒకే వైరు ఉన్న సెన్సర్‌కు ఎర్త్ ప్యాన్ ద్వారానే అందాలి. దానికి టెఫ్లాన్ టేపు మందంగా చుడితే మీటరు తప్పు చూపుతుంది.

12. ఆయిల్ పోయండి. నాలుగో మెట్టులో కొలిచిన పరిమాణానికి కొత్త ప్యాన్ అదనంగా పట్టేంత కలిపి, అందులోంచి ఒక లీటరు తగ్గించి ముందుగా పోయండి. పాత పరిమాణం మాత్రమే పోసి ఇంజన్ స్టార్ట్ చేయడం ఈ పనిలో జరిగే అతి ఖరీదైన తొందరపాటు. ఇంజన్ స్టార్ట్ చేసి, బ్రేకు నొక్కి ఉంచి, గేర్ లీవర్‌ను ప్రతి స్థానంలో కొన్ని సెకన్లు ఆపుతూ అన్నిటి మీదుగా తిప్పండి. తర్వాత బండిని నేల మీదికి దించి, చదునుగా ఉన్నప్పుడు మట్టం చూస్తూ మిగతా ఆయిల్ కొద్దికొద్దిగా పోయండి.

మట్టం చూడటంలో జరిగే పొరపాట్లు

ప్యాన్ లోతు పెరిగింది కనుక డిప్‌స్టిక్ గుర్తు కూడా మారాలి అని చాలామంది అనుకుంటారు. మారదు. మట్టాన్ని గేర్‌బాక్స్ పెంకుకు సంబంధించి కొలుస్తారు, ప్యాన్ అడుగు నుంచి కాదు. అదనపు ఆయిల్ అంతా పాత ప్యాన్ అడుగు ఉండే చోటుకు దిగువనే ఉంటుంది. గుర్తు దాటి పోస్తే తిరిగే భాగాలు ఆయిల్‌ను చిలికి నురగ చేస్తాయి, నురగ ఎయిర్ వెంట్ గుండా బయటకు కారుతుంది. అప్పుడు దాన్ని ప్యాన్ లీకు అనుకుని బోల్టులు మళ్లీ బిగించేవారున్నారు.

ఎక్కువ గేర్‌బాక్స్‌లలో ఇంజన్ నడుస్తూ, ఆయిల్ వేడెక్కి, లీవర్ పార్క్‌లో ఉండగా మట్టం చూస్తారు. డాడ్జ్ 47ఆర్‌ఇ, 48ఆర్‌ఇలలో మాత్రం న్యూట్రల్‌లో చూడాలి, ఎందుకంటే వాటిలో పార్క్‌లో ఉన్నప్పుడు కన్వర్టర్‌కు ఆయిల్ వెళ్లదు. డిప్‌స్టిక్ లేని గేర్‌బాక్స్‌లకు మట్టం ప్లగ్ ఉంటుంది. ఉదాహరణకు జనరల్ మోటార్స్ 6ఎల్80లో ఆయిల్ 30 నుంచి 50 డిగ్రీల మధ్య ఉండగా, ఇంజన్ నడుస్తూ, ఆ ప్లగ్ తీసినప్పుడు ఆయిల్ సన్నగా కారి ఆగాలి. ఆ వేడి పరిధి దాటాక చూస్తే ఆయిల్ వ్యాకోచించి ఎక్కువగా కనిపిస్తుంది, మీరు తీసేస్తారు, తెల్లవారి చూస్తే తక్కువ అవుతుంది.

మట్టం తక్కువగా ఉంటే డ్రైవ్‌లోకి లేదా రివర్స్‌లోకి వేశాక బండి ఆలస్యంగా కదులుతుంది, లేదా పంపు సన్నగా కీచుమంటుంది. ఇలా వినిపించిన వెంటనే ఇంజన్ ఆపాలి.

ఫలితం సరిచూసుకోవడం

ఇరవై నిమిషాలు బరువు లేకుండా నెమ్మదిగా నడిపి వచ్చి, అంచు చుట్టూ గుడ్డతో తుడవండి. తడి కనిపిస్తే ఆ ప్రాంతాన్ని బ్రేక్ క్లీనర్‌తో కడిగి, ఆరాక టాల్కం పౌడర్ చల్లి మళ్లీ కొంచెం నడపండి. పౌడర్ మీద తడి గీత ఎక్కడ మొదలైందో అదే లీకు. ఎక్కువసార్లు అది ప్యాన్ దగ్గర కాక, పైనున్న కూలర్ గొట్టం దగ్గరో, లీవర్ షాఫ్టు సీలు దగ్గరో బయటపడుతుంది. మరునాడు పూర్తిగా చల్లారాక బోల్టుల పట్టు ఒకసారి సరిచూడండి. వేడిమీద బిగించకండి.

తర్వాత మొదటి మెట్టులో రాసుకున్న ఎత్తునే, అదే బరువుతో, బయటి వేడి దాదాపు అంతే ఉన్న రోజున ఎక్కండి. వేడి పెరగడానికి ఎక్కువ సేపు పడితే, పై అంకె కొన్ని డిగ్రీలు తగ్గితే, దిగేటప్పుడు త్వరగా చల్లారితే ప్యాన్ తన పని చేస్తున్నట్టే. ఏ తేడా లేకపోతే ప్యాన్ కింద రక్షణ రేకు గాలిని ఆపుతోందేమో, ఫిన్‌ల మధ్య మట్టి పేరుకుందేమో చూడండి. కొలిచే చోటు కూడా ఒకటే ఉండాలి. కన్వర్టర్ నుంచి కూలర్‌కు వెళ్లే గొట్టంలో వేడి ప్యాన్‌లో కంటే చాలా ఎక్కువగా ఉంటుంది, ఆ రెండు అంకెలను పోల్చకూడదు.

లేజరు చుక్క పడే థర్మామీటరుతో ప్యాన్‌ను బయటి నుంచి కొలిచి, చల్లగా ఉందని మురిసిపోయేవారికి ఒక హెచ్చరిక. మెరిసే అల్యూమినియం మీద అది అసలు కంటే చాలా తక్కువ చూపుతుంది. నల్లని ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి, అది ప్యాన్ అంత వేడెక్కాక దాని మీద కొలవండి.

చలి ఎక్కువగా ఉండే చోట, బరువు లాగని బండికి ఈ ప్యాన్ వల్ల ఆయిల్ వేడెక్కడం ఆలస్యమవుతుంది. ఆయిల్ తగినంత వేడెక్కేదాకా కొన్ని గేర్‌బాక్స్‌లు లాకప్ వేయవు కాబట్టి ఉదయం పూట ఇంజన్ వేగం కొంతసేపు ఎక్కువగా కనిపిస్తే కంగారు పడనవసరం లేదు.

కొత్త ప్యాన్ వేశాక మొదటి ఆయిల్ మార్పును మామూలు గడువు కంటే ముందే చేయండి. ప్లగ్ తిప్పితే సరిపోతుంది కనుక ప్యాన్ దించే శ్రమ ఉండదు. ప్లగ్‌కు అయస్కాంతం ఉంటే దాని మీది ముద్దను వేళ్ల మధ్య రుద్ది చూడండి, వాషర్ మార్చండి, దిగిన ఆయిల్‌ను కొలిచి అంతే తిరిగి పోయండి. పాత ఆయిల్‌ను మూత ఉన్న డబ్బాలో పట్టి, వాడిన ఆయిల్ తీసుకునే చోట ఇవ్వండి, మురుగులో పోయవద్దు.